పిన్ని పడ్డ మాట

పోయిన నెల్లో మా పాప బడి నుంచి ఫోనొచ్చింది. టీచరమ్మ కొంచెం నవ్వుతా, కొంచెం మొహమాటపడతా మాట్లాడింది. "ఏం లేదమ్మా, మీ పాప చాక్‌పీసులు తింటా ఉంది. డబ్బాలు డబ్బాలు అయిపోతంటే ఎవరా అని చూశాం. ఒకసారి ఎక్కడన్నా చూపించండి" అంది.

పాప ఇంటికి రాగానే మూతి చూశా. పెదాల చివర తెల్లగా పొడి. ఎందుకు తిన్నావే అంటే కళ్లు దించుకుంది. మా అత్తగారు వసారాలో కూచుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తా ఉంది. తల కూడా ఎత్తకుండా, "ఇంట్లో ఏం తక్కువైందని సుద్దముక్కలు? కక్కుర్తి. వొట్టి కక్కుర్తి" అంది.

ఆవిడ చెడ్డది కాదు. ఏదో అనాలి కాబట్టి అంది. కానీ సుద్దనీ ఆ మాటనీ పక్కపక్కన పెట్టి వినేసరికి నాకు ఎక్కడో లోపల గీరుకుంది. ఏం గీరుకుందో అప్పుడు తెలీలేదు.

తెల్లారి గవర్నమెంటాసుపత్రికి తీసుకుపోయా. సిస్టరమ్మ పాప వేలికి సూది గుచ్చింది, తర్వాత కన్ను కింద రెప్ప లాగి నాకు చూపించింది. "చూడమ్మా, ఎర్రగా ఉండాల్సింది సున్నం కొట్టినట్టుంది. ఒంట్లో రక్తం తక్కువ. ఇట్టాంటోళ్లకి మట్టి, సుద్ద, పచ్చి బియ్యం, ఇవే తినబుద్ధి అయిద్ది. పిల్లని తిట్టబాకండి. మందు వాడితే అదే పోయిద్ది."

"అదే పోయిద్దా?" అన్నా.

"అదే పోయిద్ది. దాని చేతుల్లో ఏముంది పాపం."

మందుల చీటీ పట్టుకుని బయట బల్ల మీద కూచున్నా. పాప నా కొంగు లాగుతా ఉంది, పోదాం పోదాం అని. నేను లేవలేకపోయా. మా పిన్ని కళ్ల ముందుకొచ్చి నిలబడింది. తెల్లగా, సన్నగా, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని.

కక్కుర్తి అంటే ఏందో మీకు తెలుసుగా. తెలీకపోవటానికి అదేమన్నా పుస్తకాల్లో మాటా. కానీ మా ఇంట్లో ఆ మాట వాడినంత ఇదిగా ఇంకెవరూ వాడి ఉండరు. ఆ మాటకి మా నాయనమ్మే మొగుడు. ఎవరికి అనాలో, ఎప్పుడు అనాలో, ఎంత గట్టిగా అనాలో ఆవిడకి లెక్క ఉండేది. ఆకలేసి రెండుసార్లు అన్నం పెట్టించుకుంటే ఏమనేది కాదు. "తినవే, ఎదిగే పిల్ల" అనేది. పెళ్లిలో ఇంకా విస్తళ్లు వెయ్యకముందే పందిట్లో పోయి కూచున్నోడు కక్కుర్తోడు. కాయ పండేదాకా ఆగలేక దోరకాయ కోసుకున్నోడు కక్కుర్తోడు. పత్తిచేలో మంచు ఆరకముందే తడి పత్తి పీకేవాళ్లది కక్కుర్తి. ఒకసారి నేను దేవుడికి చూపించకముందే చలివిడి ముద్ద గిల్లా. మా నాయనమ్మ నా చేతి మీద ఒక్కటేసి, "కడుపుకి కాదే నీకు, కంటికి. కంటిని ఆపుకోలేకపోతే ఆడపిల్లవి రేపు ఎట్టా బతుకుతావు?" అంది. అంటే ఆవిడ లెక్కలో ఆకలి తప్పు కాదు. ఆగలేకపోవటం తప్పు.

దొంగతనమన్నా కొంచెం మర్యాదగా ఉండేది మా ఇంట్లో. ఎవడన్నా దొంగ అంటే దానికి ధైర్యం కావాలిగా అన్నట్టు చూసేవాళ్లు. కక్కుర్తి అంటే మాత్రం నవ్వేవాళ్లు. ఆ నవ్వే చంపేది.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. రెండో తరగతో మూడో తరగతో. మాది మిరప పండించే ఊరు. మాఘమాసం వచ్చిందంటే చాలు, ఊరి బయట కళ్లాలన్నీ ఎర్రగా పరుచుకునేయి. గాలి వీస్తే ఊరు ఊరంతా తుమ్మేది. బడిలో మాస్టారు ఎక్కం చెప్తా మధ్యలో తుమ్మి, మర్చిపోయి, మళ్లీ మొదట్నించి చెప్పించేవాడు. మా బట్టల్లో ఆ ఘాటు, జుట్టులో ఆ ఘాటు. ఇంట్లో పండుమిరపకాయలు రోట్లో వేసి కొరివికారం తొక్కేవాళ్లు. వేడన్నంలో అంత కారం, దాని మీద నెయ్యి, ఇక చూస్కోండి, ముక్కూ కళ్లూ ఒకటే ధార. ఏడుస్తా తినేవాళ్లం, ఇంకా పెట్టమని మళ్లీ ఏడ్చేవాళ్లం.

ఆ ముందు ఎండాకాలంలోనే మా బాబాయికి పెళ్లయింది. పిన్నిది పిడుగురాళ్ల అవతల ఊరు. సున్నపు బట్టీలు ఉంటయ్యే, అటేపు. పిల్లని చూసొచ్చిన రోజు మా నాయనమ్మ వసారా మెట్టు ఎక్కకముందే మొదలుపెట్టింది, "ఏం తెలుపే, ఏం తెలుపు! సున్నపు బట్టీల కాడ పుట్టింది గదా, సున్నం రంగే అబ్బింది. గోళ్లు కూడా తెల్లగా ఉన్నయ్యే తల్లీ!" ఊరంతా చెప్పుకుంది. మా ఇంట్లో మిగతావాళ్లమంతా నలుపేగా, ఆవిడతో సహా. పెళ్లిలో అందరూ పిన్ని చేతులే పట్టుకు చూశారు. ఎవ్వరూ ఆ గోళ్లు ఎందుకు అంత తెల్లగా ఉన్నయ్యని అడగలేదు. అందమనే అనుకున్నారు. నేను కూడా.

పిన్ని నెమ్మదస్తురాలు. మాట కూడా ఎదుటి మనిషికి బరువెయ్యకుండా మాట్లాడేది. నాకు జడలు వేస్తా వేస్తా మధ్యలో ఆగి, గోడకి ఆనుకుని, "ఒక్క నిమిషం ఉండవే" అనేది. బావి నుంచి బిందె తెస్తా దారిలో రెండుచోట్ల దించేది. "కొత్తకోడలు నీళ్లకి పోతే పొద్దు గూకిద్ది" అని మా నాయనమ్మ దెప్పేది. ఆవిడ చేతులు ఎండలో కూడా చల్లగా ఉండేయి. జ్వరమొచ్చినప్పుడు నా నుదుటి మీద ఆ చెయ్యి పెడితే ఎంత హాయో. ఆ చల్లదనం కూడా నాకు మంచిగానే తోచింది చూడండి.

తొలకరి పడిన రోజు. మా కొష్టం, అదే గొడ్లపాక, దానికి మూడువైపులా మట్టిగోడ. నాలుగు చినుకులు పడేసరికి ఆ గోడ వాసన గుప్పుమంది. నేను తాటాకు బొమ్మ కోసం పాక వెనక్కి పోతే అక్కడ పిన్ని ఉంది. గోడకి మొహం ఆనించి నిలబడి ఉంది. ఏడుస్తందేమో అనుకున్నా. దగ్గరికి పోతే, గోడలోంచి పెళ్ల గిల్లి నోట్లో పెట్టుకుంటా ఉంది. కళ్లు మూసుకుని. మామిడిపండు రసం పీల్చేటప్పుడు మనం ఎట్టా కళ్లు మూసుకుంటాం, అట్టా.

నన్ను చూసి ఉలిక్కిపడింది. చెంగుతో మూతి తుడుచుకుంది. పళ్ల మీద మట్టి అట్టానే ఉంది.

"చెప్పవుగా?" అంది.

"ఏం రుచి పిన్నీ?"

"రుచేం లేదే. వాసనొస్తే నోరూరిద్ది. ఆగుదామనుకుంటా. పది లెక్కపెడతా. ఇరవై లెక్కపెడతా. ఒకోసారి వంద దాకా పోతా. ఆ తర్వాత నా చెయ్యి నా మాట వినదు." చెప్తా చెప్తా ఏడ్చేసింది. "నాకూ సిగ్గేనే. చిన్నప్పట్నించి ఉంది. మా అమ్మ వాతలు పెట్టింది దీనికి." చీర పక్కకి జరిపి మోకాలి పైన మచ్చ చూపించింది. "చెప్పవుగా?"

ఒట్టేశా. నా నెత్తి మీద నేనే చెయ్యి పెట్టుకుని ఒట్టేశా.

అప్పట్నించి పిన్నికీ నాకూ ఒక రహస్యం. రహస్యమంటే ఎంత గొప్పగా ఉండిద్దో ఎనిమిదేళ్ల పిల్లకి! నా బలపాలు పిన్నికి ఇచ్చేదాన్ని. మెత్త బలపాలు రెండు రకాలు వచ్చేయి కొట్లో. నల్లగా ఉండేది బాగుండదనేది, తెల్లదయితే కళ్లు మెరిసేయి. బడిలో రోజూ, "బలపం ఏదే?" "పోయింది మాస్టారూ" "నిన్నా పోయింది, మొన్నా పోయింది, ఏందే, నీ బలపాలకి కాళ్లొచ్చినయ్యా?" అని రెండు తగిలించేవాడు. ఆ దెబ్బలు కూడా తియ్యగానే ఉండేయి. పిన్ని కోసం తింటున్నా గదా. ఒకసారి నేనూ ఒక ముక్క కొరికి చూశా. పళ్ల మధ్య కరకరమంది, అంతే. ఉమ్మేశా. పిన్ని నవ్వింది. "నీకు అక్కర్లేదులే, నీకు బాగుంది" అంది. ఏం బాగుందో ఆవిడకి తెలిసి అందో, ఊరికే అందో.

ఆ రోజుల్లోనే మా గేదె ఈనింది. పెయ్యదూడ. నాలుగు నెలలు తిరిగేసరికి అది మట్టి నాకటం మొదలుపెట్టింది. తాతయ్య తాటినారతో చిన్న చిక్కం అల్లాడు. చిక్కమంటే బుట్టలాగా అల్లి దూడ మూతికి తగిలించి, చెవుల వెనక తాడు కడతారు, మట్టి నోటికి అందకుండా. దూడకి అది ఇష్టం లేక తల విదిలించేది. నాకు జాలేసి, "పాపం దానికి మట్టంటే ఇష్టమేమో తాతయ్యా, తిననీ" అన్నా.

తాతయ్య దూడ గంగడోలు నిమురుతా, "ఇష్టమై తినదమ్మా. ఒంట్లో ఏదో తక్కువైతేనే పశువు మట్టికి పోయిద్ది. నోరు కట్టేస్తే సగమే పని. ఆ తక్కువేందో చూడాల" అన్నాడు. పోయి కొట్లోంచి ఉప్పుగడ్డ తెచ్చి, గుడ్డలో మూటకట్టి దూడకి అందేట్టు రాటకి వేలాడదీశాడు. పశువుల డాక్టరు వచ్చినప్పుడు అడిగి కడుపులో పురుగులు పోయే మందు పోయించాడు. దూడకి తవుడు కలిపాడు, బెల్లం కలిపాడు. నెల తిరిగేసరికి దాని ఒంటి మీద నిగనిగ వచ్చింది. చిక్కం విప్పి పాకలో మేకుకి తగిలించాడు.

ఇదంతా జరిగేటప్పుడు పిన్ని పక్కనే కుడితి కలుపుతా ఉంది. విన్నది. నేనూ విన్నా. ఇద్దరం విన్నాం. ఆ మాట మనిషికి కూడా పనికొచ్చిద్దని ఇద్దరికీ తట్టలేదు.

మిరపకాయలు కళ్లానికొచ్చే వేళకి పిన్ని నీళ్లోసుకుని ఉంది. అయిదో నెల. కడుపొచ్చిన తర్వాత ఆ మట్టి యావ ఇంకా పెరిగింది. పాక వెనక గోడలో దోసెడంత గుంట పడింది. "పందికొక్కులు తవ్వుతున్నయ్యి" అని మా నాయనమ్మ దాంట్లో ముళ్లకంప దూర్చింది.

ఒక ఆదివారం. బడి లేదు. కళ్లంలో పదిహేను మంది ఆడవాళ్లు వరసగా కూచుని తాలుకాయలు ఏరుతున్నారు. ఎరుపు పట్టకుండా తెల్లగా పాలిపోయిన కాయని తాలుకాయ అంటాం. దాన్ని తీసి పక్కన పడేస్తారు. అందరూ మూతికి గుడ్డలు కట్టుకుని ఉన్నారు ఘాటుకి. నేను కూడా కట్టుకుని మధ్యలో కూచున్నా. ఆడవాళ్ల ముఠాకి ఒక పెద్ద ఉండేది, గొంతు కళ్లం ఈ చివర్నించి ఆ చివరికి వినపడేది. ఆవిడకి ఎవరో ఒకరిని ఆట పట్టించకపోతే చెయ్యి సాగదు.

"ఏమే పిల్లా, మీ పిన్నికి ఎన్నో నెల?"

"అయిదో నెలంట."

"అయిదో నెలకి ఒళ్లు రావాలే. ఏంది ఆ పాలిపోవటం? మనుషుల్లో తాలుకాయ లాగుంది. మీ నాయనమ్మ కూడు పెట్టటం లేదా ఏంది?"

అందరూ కిసుక్కుమన్నారు. మా నాయనమ్మని అంటే నాకు రోషమొచ్చింది. "పెట్టిద్ది! మా పిన్నే తినదు. మా పిన్నికి అన్నం వద్దు" అన్నా.

"మరేం కావాలంట మహారాణికి?"

అక్కడ ఆగాల్సింది. అక్కడ నోరు మూసుకుని ఉండాల్సింది. పదిహేను మంది పెద్దాళ్లు, చేతుల్లో కాయలు అట్టానే పట్టుకుని, నా వైపు చూస్తున్నారు. పుట్టాక నా మాట కోసం అంతమంది ఆగింది అదే మొదలు. నా నోట్లో ఊరుతా ఉంది ఆ మాట. నేను పది కూడా లెక్కపెట్టలేదు.

"మా పిన్ని గోడ తినిద్ది" అన్నా.

కళ్లం దద్దరిల్లింది. నవ్వుతో పాటు తుమ్ములు, తుమ్ములతో పాటు నవ్వు. "ఏందీ, గోడా! ఇల్లు కూల్చుకు తింటదా!" అని ఒకావిడ, "ఇటికెలు కూడా పెట్టండే సారెలో!" అని ఇంకొకావిడ. వాళ్లు నవ్వే కొద్దీ నాకు ఊపొచ్చింది. లేచి నిలబడ్డా. మూతి గుడ్డ లాగేసి, కళ్లు మూసుకుని, నాలిక చాపి గోడ నాకినట్టు చేసి చూపించా. బలపాల సంగతి చెప్పా. వంద లెక్కపెట్టే సంగతి చెప్పా. వాత సంగతి కూడా చెప్పా. అన్నీ చెప్పా. అడగనివి కూడా.

"ఎంత కక్కుర్తే తల్లీ!" అని ముఠా పెద్ద కళ్లు తుడుచుకుంది.

తర్వాత నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయినయ్యి. తిరిగి చూస్తే నా వెనక పిన్ని. చంకలో నీళ్ల బిందె, చేతిలో చెంబు. ఎప్పుడొచ్చిందో. బిందె దించింది. వరసగా ఒక్కొక్కళ్లకీ నీళ్లు పోసింది. ఎవరూ ఆవిడ మొహంలోకి చూడలేదు. చివరికి నా దగ్గరికొచ్చి చెంబు అందించింది.

"తాగవే. గుడ్డ తీశావుగా, ఘాటుకి గొంతు పట్టిద్ది" అంది.

ఆ నీళ్లు నేను తాగా. ఎట్టా తాగానో, తాగా.

మేం ఇంటికి చేరేలోపే ఆ మాట చేరింది. మా నాయనమ్మ పిన్ని ట్రంకుపెట్టె వసారాలోకి ఈడ్చి తెరిచింది. చీరల మడతల్లో గుడ్డమూట. దాంట్లో పగిలిన కుండ పెంకులు, గోడ పెళ్లలు, నా బలపాలు. వాటిని అందరి ముందూ కింద పోసింది.

"మూడుపూటలా అన్నం వండే ఇంట్లో ఉండి, మట్టి తింటావా? కూలోళ్ల నోట్లో నా ఇంటి పేరు పడేశావు గదే కక్కుర్తిదానా!"

"ఆగలేకపోయా అత్తా" అంది పిన్ని. అంతే. నా పేరెత్తలేదు, ఆ పిల్లే ఇచ్చిందని అనలేదు.

బాబాయి గుమ్మం దగ్గర నిలబడి, "సిగ్గు తీశావు" అని బయటికి పోయాడు. మా నాయనమ్మ విసురుగా పాకలోకి పోయి మేకుకున్న చిక్కం తెచ్చి పిన్ని కాళ్ల దగ్గర పడేసింది. "దూడ మానేసింది. ఇక నువ్వు కట్టుకో" అంది. తర్వాత దాన్ని తీసి వంటింటి తలుపు పక్క మేకుకి తగిలించింది, వచ్చేటప్పుడు పోయేటప్పుడు పిన్నికి కనపడేట్టు. తాతయ్య మంచంలో కూచుని ఉన్నాడు. చుట్ట తీశాడు, వెలిగించకుండా మళ్లీ దోపుకున్నాడు. ఆయన ఏమన్నా అంటాడని నేను చూశా. అనలేదు. ఆడవాళ్ల గొడవ అనుకున్నాడేమో.

ఆ తర్వాత వారానికి ఒక మధ్యాన్నం నేనొకటి చూశా. దాని సంగతి తర్వాత చెప్తా. అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. అంత వాగుడుకాయని, ఆ ఒక్కటి మాత్రం నా నోట్లోంచి రాలేదు.

ఏడో నెల రాకముందే పిన్నిని పుట్టింటికి పంపించేశారు. వాళ్లన్న వచ్చాడు. ఆయనతో మా నాయనమ్మ అన్న మాటలు నేనిక్కడ రాయను. పిన్ని చీర సర్దుకుని బస్సు కోసం బయల్దేరేటప్పుడు నన్ను పిలిచింది. నేను స్తంభం చాటున ఉన్నా. రాలేదు. ఆవిడే వచ్చి నా గుప్పిట్లో ఏదో పెట్టి మూసింది. తెల్ల బలపం. కొరకంది. అన్ని రోజులూ ఎక్కడ దాచిందో, ఎట్టా ఆపుకుందో.

"బడికి తీసుకుపో. మాస్టారు కొడతాడు" అంది.

పిడుగురాళ్ల బస్సు దుమ్ములో పోయింది. మిరపకాయల మీద కప్పే పట్టా పట్టుకుని మా నాయనమ్మ కళ్లం వైపు పోయింది. వాన మబ్బు పట్టింది మరి. ఇంటి పని ఎవరి కోసం ఆగిద్ది?

వేసంకాలం చివర్లో చిల్లరకొట్టు ఫోనుకి కబురొచ్చింది. ఆడపిల్ల పుట్టింది, తల్లి లేదు అని. కాన్పప్పుడు రక్తం పోతే తట్టుకోలేకపోయిందంట. అసలు ఒంట్లో ఉంటే గదా పోవటానికి, అన్నారంట అక్కడ. మా ఊళ్లో మాత్రం ఇంకోలా చెప్పుకున్నారు. మట్టి తిని తిని పోయింది అన్నారు. కక్కుర్తితో ప్రాణం మీదకి తెచ్చుకుంది అన్నారు. పసిపిల్లని చూడటానికి పోయి, చేతుల్లోకి తీసుకుని కూడా అదే మాట అన్నారు.

తాతయ్య ఆ రోజు అన్నం దగ్గర కూచుని కలిపిన ముద్ద ఎత్తలేదు. లేచి పోయి మేకుకున్న చిక్కం తీశాడు. నీళ్ల పొయ్యిలో పెట్టాడు. తాటినార గదా, భగ్గుమంది. "గొడ్డుకి చూశాను గానీ..." అన్నాడు. మా నాయనమ్మ వంటింట్లోంచి అంతా చూసింది. ఆ తర్వాత ఆవిడ నోట ఆ మాట నేను వినలేదు. తప్పు తెలిసో, తాతయ్యకి భయపడో, నేను అడగలేదు.

బాబాయి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. పిల్ల అక్కడే, మేనమామ ఇంట్లో పెరిగింది, ఇప్పటికీ అక్కడే. మూడేళ్ల కింద తాతయ్య పెద్దకర్మకి వచ్చింది మా చెల్లి. పాతికేళ్ల పిల్ల. వంట పందిరి కింద నిలబడి ఉంటే ఆడవాళ్లంతా మూగారు. "అచ్చం వాళ్లమ్మే. ఎంత తెల్లగా ఉందో చూడండే! గోళ్లు కూడా!" అన్నారు. వాళ్లలో ఎవరో గుసగుసగా, "అన్నీ వాళ్లమ్మవే రాకుండా ఉంటే చాలు" అన్నారు. ఆ పిల్ల విన్నది. విన్నట్టు మొహం పెట్టలేదు, నీళ్లు పోస్తానే ఉంది అందరికీ. నాకక్కడ నిలబడబుద్ధి కాలేదు. ఫోన్ నంబరు మాత్రం తీసుకున్నా. పండక్కీ పబ్బానికీ చేస్తా, బాగున్నావా అంటే బాగున్నా అనిద్ది, అంతే మాటలు.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి పాపకి మందు పట్టించా. మా అత్తగారికి చెప్పా, "అది కక్కుర్తి కాదత్తయ్యా, రక్తం తక్కువంట, ఇంకోసారి ఆ మాట అనబాకండి" అని. నా మొహం చూసి ఆవిడ ఏమనుకుందో, "అట్టాగే లేవే" అంది. తర్వాత పెరట్లోకి పోయి చెల్లికి ఫోన్ చేశా.

పాప సంగతి చెప్పా. సిస్టరమ్మ చెప్పింది చెప్పా. ఆ తర్వాత వాళ్లమ్మ సంగతి మొదలుపెట్టా. గోడ, బలపాలు, తాతయ్య దూడ. కళ్లంలో నేను చేసింది కూడా దాచలేదు. నాలిక చాపి చూపించానే, అది కూడా. "మీ అమ్మకి రక్తం లేదే. అంతే. అది జబ్బు. నేను నవ్వించటానికి చెప్పా, వాళ్లు నవ్వారు, ఆ మాట మీ అమ్మకి పడింది. నా వల్ల పడింది" అన్నా.

అవతల తలుపు దగ్గరికి వేసిన చప్పుడు వినపడింది.

"అక్కా" అంది గొంతు తగ్గించి. "మా అత్త బియ్యం డబ్బాకి తాళం వేసిద్ది."

"ఎందుకే?"

"నా గురించే."

బావి గట్టు మీద కూచున్నా. "ఎన్నాళ్లనించే?"

"చిన్నప్పట్నించి. గుప్పెళ్లు గుప్పెళ్లు తింటా. మీ అమ్మ బుద్ధులే వచ్చినయ్యి అంటారు. అదే బుద్ధి అనుకున్నా నేను కూడా."

"అద్దం దగ్గరికి పోవే. కన్ను కింద రెప్ప లాగి చూడు. ఏ రంగుంది?"

అడుగుల చప్పుడు వినపడింది. తర్వాత ఊపిరి. "తెల్లగా ఉందక్కా."

"రేపు పొద్దున బస్సుకి వస్తున్నా. ఇద్దరం ఆసుపత్రికి పోదాం. నువ్వేం చెప్పాల్సిన పని లేదు, నేనే చెప్తా అక్కడ. మీ అత్తకి కూడా నేనే చెప్తా" అన్నా.

అప్పుడు ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. మధ్యలో ముక్కు చీదుకుని అడిగింది, "మా అమ్మ ఆగాలని చూసిందా అక్కా? అసలు ఎప్పుడన్నా చూసిందా?"

అప్పుడు చెప్పా. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పంది.

ఆ మధ్యాన్నం నేను కిటికీలోంచి చూశా. ఇంట్లో ఎవరూ లేరు, అందరూ కళ్లంలో ఉన్నారు. బయట నాలుగు చినుకులు పడి మట్టి వాసన లేచింది. పిన్ని వంటింటి మేకుకున్న చిక్కం తీసుకుంది. గదిలో గోడ వైపు తిరిగి కూచుంది. ఎవరూ కట్టమనలేదు, ఎవరూ చూడటం లేదు. తనే దాన్ని మూతికి పెట్టుకుని, తల వెనక తాడు ముడేసుకుంది. ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుంది, నువ్వున్న కడుపు మీద. వాన వెలిసి వాసన పోయేదాకా అట్టానే కూచుంది.

"నేను చూశానే చెల్లీ, విన్నా కూడా" అన్నా. "లెక్కపెడతా ఉంది. వంద దాటింది."